పరారీలో ఉన్న నూకరాజుకు శాలువా

బొండా నూకరాజు పోలీసుల దగ్గర్నుంచి పారిపోయాడని లోకమంతా చెప్పుకుంది. టీవీలు అరిచాయి, పేపర్లు రాశాయి, ఒక ప్రజాప్రతినిధి బల్ల గుద్ది మరీ జవాబు అడిగాడు. న్యాయంగా చూస్తే జరిగింది వేరు. పోలీసులే నూకరాజు దగ్గర్నుంచి వెళ్ళిపోయారు.

నూకరాజు వంట మేస్త్రి. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, ఎన్నికల సభలకీ వండేవాడు. బానపొట్ట, చదును పాదాలు, వంగని ఎడమ మోకాలు. పెద్ద డేగిసాలో గరిట తిప్పాలంటే పీట వేసుకుని నిలబడాల్సినంత ఎత్తు. ఇలాంటివాడు జైల్లో ఎందుకున్నాడంటే, పాలమూడి కల్యాణ మండపం వాళ్ళ ఇత్తడి గంగాళం ఒక పెళ్ళిలో కనబడకుండా పోయింది. పెళ్ళివారు వెళ్ళిపోయారు, పురోహితుడు వెళ్ళిపోయాడు, ఆఖరిదాకా ఉండి పొయ్యి ఆర్పినవాడు నూకరాజు. కాబట్టి దొంగ నూకరాజే అని తేల్చి చినమట్లపాలెం సబ్‌జైలుకి పంపారు. తర్వాత ఆ గంగాళం మండపం అటక మీదే దొరికింది. వాళ్ళు ఆ మాట కాగితం మీద రాసి కోర్టుకి ఇచ్చారు కూడా.

“ఈ వాయిదాకి జడ్జి గారి ముందు ఒక్కసారి నిలబడు చాలు. కేసు కొట్టేస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు,” అని వకీలు చెప్పాడు. నూకరాజు భార్య వరాలు ఆ మాట విని పులుసుకి బొమ్మిడాయి చేపలు బేరమాడి పెట్టుకుంది. ఊరందరికీ వండిపెట్టే నూకరాజు తాను మాత్రం వరాలు చేతి పులుసు తింటేనే తిన్నట్టు లెక్కేసుకుంటాడు. జైల్లో ఉన్నన్నాళ్ళూ ఆయన కలలోకి స్వేచ్ఛా గీచ్ఛా ఏమీ రాలేదు, ఆ పులుసే వచ్చింది.

వాయిదాకి వెళ్ళే పోలీసు వ్యాను దారిలో గంగరత్నం టిఫిన్ సెంటరు దగ్గర ఆగడం ఆనవాయితీ. ఆగమని ఏ చట్టంలోనూ లేదు, ఆగొద్దని కూడా లేదు. పోలీసులు టిఫిను తింటారు, ఖైదీలకి తలా ఒక టీ ఇప్పిస్తారు. ఎస్కార్టుకి పెద్ద, హెడ్ కానిస్టేబుల్ తాతబ్బాయి గారు. ఆయనకో పద్ధతి ఉంది. బయల్దేరేముందు మనుషుల్ని లెక్కపెట్టడు. ఖైదీలు తాగిన టీ గ్లాసుల్ని వ్యాను బానెట్టు మీద వరసగా పెట్టించి, వాటిని లెక్కపెడతాడు.

“తలకాయలు కదుల్తాయి. గ్లాసులు కదలవు,” అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో సర్వీసంతా మచ్చ లేకుండా గడిపాడు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళకి ఈ విషయం మీద పాఠం చెప్పమని డిపార్టుమెంటు ఆయన్ని పిలిచింది కూడా.

ఆ రోజు నూకరాజు టీ తాగాడు, గ్లాసు తెచ్చి బానెట్టు మీద పెట్టాడు. అప్పుడు కడుపులో మెలిపెట్టింది. జైలు సాంబారులో పప్పు సగమే ఉడికిందని మొదటి ముద్దకే కనిపెట్టి కూడా ఆకలికి తినేశాడు, దాని ఫలితం. “హెడ్డుగారండీ, ఇప్పుడే వచ్చేత్తానండి,” అని హోటలు వెనక్కి వెళ్ళాడు. తాతబ్బాయి గారు అప్పుడు ఫోన్లో అల్లుడితో మాట్లాడుతున్నారు. ఫోను పెట్టేసి గ్లాసులు లెక్కపెట్టారు. సరిపోయాయి. “పోనియ్,” అన్నారు.

నూకరాజు చేతులు కడుక్కుని వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము మిగిలింది.

వెనక్కి వస్తారులే అని బెంచీ మీద కూర్చున్నాడు. తనని మర్చిపోయినందుకు పాపం వాళ్ళు ఎంత కంగారు పడుతున్నారో అని జాలిపడ్డాడు కూడా. హోటలు యజమానురాలు గంగరత్నం, నోటిమాట కరుకే గానీ చెయ్యి మంచిది. అడక్కుండానే ఒక పెసరట్టు తెచ్చి ముందు పెట్టింది.

“నువ్వు ఆ పోలీసోళ్ళ మనిషివా?” అని అడిగింది.

“ఆళ్ళ ఖైదీనండి. వదిలేసి ఎల్లిపోయారు.”

“మరి ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటయ్యా? పారిపో.”

“పారిపోతే ఇంటికెలా ఎల్తానండి? ముందు లోపలికి ఎల్తేనే కదా బయటికొచ్చేది,” అన్నాడు నూకరాజు. గంగరత్నం కాసేపు ఆలోచించి, అందులో తప్పేమీ కనబడక, ఇంకో పెసరట్టు వేసింది.

అక్కడ కోర్టు దగ్గర వ్యాను తలుపు తీస్తే ఒక ఖైదీ తక్కువున్నాడు. నలుగురు పోలీసులూ చెట్టు నీడన చేరి ఆలోచించారు. గ్లాసులు సరిపోయాయి. గ్లాసుల లెక్క తప్పదు. కాబట్టి మనిషి వ్యాను ఎక్కాడు. ఎక్కినవాడు లేడు. కాబట్టి నడుస్తున్న వ్యానులోంచి దూకాడు. నలుగురు పోలీసులు ఉండగా దూకాడంటే ఆ నలుగుర్నీ కొట్టే దూకి ఉండాలి. నలుగుర్ని కొట్టాడంటే ఆరడుగుల మనిషై ఉండాలి. తర్కం ఒకసారి బయల్దేరాక మధ్యలో దిగదు. తాతబ్బాయి గారు బాధ్యత గల మనిషి కాబట్టి ఆసుపత్రికి వెళ్ళి తలకి కట్టు కట్టించుకున్నారు. మిగిలినవాళ్ళు చేతులకి కట్టించుకున్నారు.

మధ్యాహ్నానికి హోటల్లో ఉన్న టీవీ ఎర్రబడిపోయింది. “నెత్తురు తాగే నూకరాజు,” అంది గర్జన టీవీ. జైల్లో తీసిన నూకరాజు ఫొటోలో ఆయన సరిగ్గా ఫ్లాష్ పడ్డప్పుడు తుమ్మాడు, అందుకని అది పనికిరాలేదు. తాతబ్బాయి గారు చెప్పిన పోలికల్ని బట్టి ఒక చిత్రకారుడు బొమ్మ గీశాడు. బుర్రమీసాలు, చెంప మీద గాటు. గంటలు గడిచేకొద్దీ ఆ గాటు పొడుగైంది. నూకరాజు తలెత్తి బొమ్మని చూసి, “ఈడెవడండీ బాబూ, ఇలా ఉన్నాడు?” అన్నాడు. కింద తన పేరు చదివి పెసరట్టు పక్కన పెట్టేశాడు.

గంగరత్నం ఫోను తీసుకుని వరాలుకి చేశాడు.

“ఇయ్యాల జడ్జిగారు ఏదో శిక్షణకి ఎల్లారంట. అందరికీ వాయిదా రేపటికేశారు,” అంది వరాలు. “ఇంతకీ నువ్వు ఎక్కడున్నావు? టీవీలో ఆరడుగులున్నావంటన్నారు.”

“హోటల్లో ఉన్నానే. పెసరట్టు తింటన్నాను.”

“నువ్వు రేపు కోర్టులో నిలబడకపోతే ఇంక జన్మలో బయటికి రావంట. వకీలు గారు చెప్పేరు. ఎలాగోలా మళ్ళీ దొరికిపో. నీకు పుణ్యముంటాది.”

నూకరాజు దొరికిపోవడానికి బయల్దేరాడు. దగ్గర్లోని పోలీసు స్టేషనుకి కుంటుకుంటూ వెళ్ళి, “బొండా నూకరాజునండి, వచ్చేశానండి,” అన్నాడు. ఎస్సై గారు తల పైకెత్తి, మళ్ళీ కొంచెం దించి చూశారు.

“సదరు ముద్దాయి ఎత్తు ఆరడుగులుగా నమోదు కావడం జరిగింది. నీ ఎత్తెంత?”

“అయిదు దాటానండి.”

“మిగతాది ఏం చేశావు?”

“నేనేనండి. టీ తాగి వెనక్కెల్లాను. ఈలోపు ఆళ్ళు బండెక్కి ఎల్లిపోయారు,” అన్నాడు నూకరాజు.

ఎస్సై గారు చెడ్డవాడు కాదు. కూర్చోమని బల్ల చూపించి నిదానంగా విడమరిచి చెప్పారు. “చూడవయ్యా. నువ్వే ఆ మనిషివని ఒప్పుకుంటే, నలుగురు సిబ్బందికి కట్లు ఎందుకున్నాయని అడుగుతారు. నువ్వు కాదనుకుని లోపల వేస్తే, నకిలీ ముద్దాయిని సృష్టించానని నా మీద విచారణ వేస్తారు. పైగా డీఎస్పీ గారి ఆధ్వర్యంలో ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేయడం జరిగింది. కొత్త జీపులు మంజూరు కావడం జరిగింది. సదరు ముద్దాయిని పట్టుకునే అధికారం ఆ బృందానికి దఖలు పరచడం జరిగింది. కాబట్టి మా స్టేషన్లో అతను దొరకడానికి వీల్లేదు.”

“నేనే వచ్చి లొంగిపోయినా కూడానాండి?”

“లొంగిపోయినా సరే. అంత బృందాన్ని వేశాక నువ్వు నడుచుకుంటూ వచ్చి లొంగిపోతే ప్రభుత్వానికి అవమానం.” ఎస్సై గారు మంచినీళ్ళు ఇప్పించి పంపేశారు.

నూకరాజు హోటలుకి తిరిగొచ్చేసరికి రోడ్డు మీద సైరన్లు వినబడ్డాయి. ముందు డీఎస్పీ చక్రధరరావు గారి జీపు, వెనక మూడు జీపులు, వాటి వెనక తిరునాళ్ళకి వెళ్తున్నట్టు టీవీల బళ్ళు. నూకరాజు ఏటి పక్క లంకలో అరటితోటలో దాక్కున్నాడని కబురొచ్చింది. చెప్పినవాడు ఎవరో తెలియదు, గర్జన టీవీ వాళ్ళు పోలీసులు చెప్పారన్నారు, పోలీసులు గర్జన టీవీలో చూశామన్నారు.

నూకరాజు ఆ జీపుల్ని చూసి ఆశపడ్డాడు. పట్టుకునే అధికారం ఉన్నవాళ్ళు ఎదురుగా పోతున్నారు. “అమ్మా, మీ బండి ఒకసారి ఇవ్వండి,” అని, గంగరత్నం చట్నీ బక్కెట్లు మోసే మోపెడ్ ఎక్కి వెనకాల పడ్డాడు. “ఆగండి బాబూ, నేను ఇక్కడున్నాను,” అని అరుస్తూ వెళ్ళాడు. వెనక చట్నీ బక్కెట్టు ఒకటి దింపడం మర్చిపోయాడు. అది మలుపు మలుపుకీ రోడ్డుకి తాళింపు పెట్టింది.

దొరకాల్సినవాడు వెనకా, పట్టుకోవాల్సినవాళ్ళు ముందూ పరిగెత్తారు. టీవీల వాళ్ళు కిటికీల్లోంచి కెమెరాలు పెట్టి ఆయన్ని చూపించారు. “పోలీసులతో పాటు ఒక సామాన్య పౌరుడు కూడా ప్రాణాలకు తెగించి నరరూప రాక్షసుణ్ణి వెంటాడుతున్న దృశ్యం మీరు ప్రత్యక్షంగా చూస్తున్నారు,” అని గర్జన టీవీ విలేఖరి హిమబిందు ఊపిరాడకుండా చెప్పింది. ఆ దృశ్యం చూసి ఇంకో పదిమంది సామాన్య పౌరులు మోటారు సైకిళ్ళ మీద వచ్చి కలిశారు. ఎవరిని తరుముతున్నారో తెలియక కొందరు నూకరాజునే అడిగారు. “జీపులండి,” అన్నాడు నూకరాజు, అబద్ధం ఆడలేక.

అరటితోట దగ్గర కాలవగట్టు సన్నం. డీఎస్పీ గారి జీపు మలుపు తిరగబోయి కాలవలోకి జారింది. వెనకున్న నూకరాజు బ్రేకు వేశాడు. చట్నీ బళ్ళకి బ్రేకులు పేరుకే ఉంటాయి. ఆయన కూడా జీపు పక్కనే పడ్డాడు. డీఎస్పీ గారికి ఈత రాదు. నీళ్ళలో రెండు గుటకలు మింగి, చేతికి దొరికిన నూకరాజు పొట్టని వాటేసుకున్నారు. నూకరాజుకి నిండు డేగిసాల్ని చంకన పెట్టుకుని మెట్లెక్కడం అలవాటు. అలాగే డీఎస్పీ గారిని కూడా గట్టెక్కించాడు.

ఈలోపు బృందం అరటితోటని చుట్టుముట్టి గాల్లోకి కాల్పులు జరిపింది. లోపల్నుంచి ఒక రైతు రెండు చేతులూ ఎత్తుకుని బయటికొచ్చాడు. అరటి గెలలు కొట్టుకుంటున్నది తన తోటలోనే అని రుజువు చేసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. తాము వచ్చేముందే నూకరాజు తప్పించుకున్నాడని డీఎస్పీ గారు ప్రకటించారు. కాలవలో పడటం గురించి అడిగితే, ముద్దాయితో పెనుగులాటలో పడ్డానన్నారు.

హిమబిందు తడిసిన నూకరాజు ముందు మైకు పెట్టింది. “మీ పేరు చెప్పండి.”

“బొండా నూకరాజండి.”

ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. నూకరాజు అమ్మయ్య అనుకున్నాడు, ఇంతసేపటికి ఒక తెలివైన మనిషి తగిలిందనుకున్నాడు.

“చూస్తున్నారు కదా, నూకరాజుని వేటాడుతున్న నూకరాజు,” అంది హిమబిందు కెమెరాతో. “ఒక దుర్మార్గుడి పేరే మీకూ ఉండటం వల్ల మీరు పడుతున్న మానసిక క్షోభని మా ప్రేక్షకులకి చెప్పండి.”

“అమ్మా, ఆయన నేనేనమ్మా. నేనే పరారీలో ఉన్నాను.”

“కట్,” అంది హిమబిందు. దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది, “బాబాయ్, నేనే నూకరాజునని పొద్దున్నించి ముగ్గురు ఫోన్ చేశారు, అందరికీ టీవీలో కనబడాలని. మీది మంచి స్టోరీ, పాడుచేసుకోకండి. కొంచెం కోపంగా చెప్పండి.” నూకరాజుకి కోపంగా చెప్పడం రాదు. కాబట్టి ఏడ్చినట్టు చెప్పాడు. అది ఇంకా బాగా వచ్చిందన్నారు.

సాయంత్రం ప్రత్యేక బృందం క్యాంపులో పత్రికా సమావేశం పెట్టారు. క్యాంపంటే ఒక పాత గోడౌను. డీఎస్పీ గారు జిల్లా పటం ముందు నిలబడి, కర్రతో నూకరాజు నిన్నటిదాకా ఎక్కడున్నాడో, రేపు ఎక్కడుంటాడో చూపించారు. ఇవాళ ఎక్కడున్నాడో మాత్రం దర్యాప్తు దృష్ట్యా చెప్పలేమన్నారు. తర్వాత నూకరాజుని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మన దగ్గర దేనికైనా శాలువా ఉంటుంది. పూలదండ వేశారు. “ఇటువంటి ధైర్యసాహసాలు గల పౌరులు ఉన్నంతకాలం ఇటువంటి నూకరాజులు తప్పించుకోజాలరని ఈ సందర్భంగా తెలియజేయడం జరుగుతోంది,” అన్నారు.

నూకరాజు మనసులో తీర్మానించుకున్నాడు. ఇంతమంది పెద్దలున్నారు, మైకుంది, ఇక్కడ చెప్పేస్తే ఎవరూ కాదనలేరు. రేపు కోర్టుకి తీసుకెళ్తారు, జడ్జి గారు చూస్తారు, పులుసు చల్లారేలోపు ఇంటికి చేరొచ్చు. అయితే మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, ముందుగా డీఎస్పీ గారి చెవిలో ఒక మాట అడిగాడు.

“నూకరాజు దొరికితే ఏం చేత్తారండి?”

ప్రాణం కాపాడినవాడి దగ్గర డీఎస్పీ గారు దాచుకోలేదు. “నీకు కాబట్టి చెప్తున్నాను. ఇంత బలగం వేశాక అతను ఊరికే దొరికితే నవ్వుతారు. తిరగబడాలి. తిరగబడ్డాక ఆత్మరక్షణ కోసం మేము కాల్పులు జరపడం జరుగుతుంది.”

“ఆయనకి తిరగబడటం రాకపోతేనో?”

“అతనికి రానక్కర్లేదయ్యా. మావాళ్ళు రాసుకుంటారు. ఇప్పటికే రాసి పెట్టాం, తారీఖు వెయ్యడమే మిగిలింది.”

నూకరాజు ముందున్న మైకుని చూశాడు, శాలువా ఒంటినిండా కప్పుకున్నాడు. ఒళ్ళు వణకడం మొదలుపెట్టింది. “రెండు మాటలు మాట్లాడండి,” అన్నారు విలేఖరులు. “ఆ దుర్మార్గుడు ఎంత తొందరగా దొరక్కుండా...” అని మొదలుపెట్టి, “ఎంత తొందరగా దొరికితే అంత మంచిదండి,” అని ముగించి దిగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత ధైర్యవంతుడైనా ఆ రాక్షసుడి పేరెత్తగానే ఎలా వణికిపోతున్నాడో చూడండని టీవీలు ఆ వణుకుని పదేపదే చూపించాయి.

హోటల్లో గంగరత్నం బెంచీ మీద దుప్పటి వేసింది. ఆవిడ తన బండి గురించి ఒక్క మాట అనలేదు, చట్నీ గురించే నాలుగన్నది. జరిగినదంతా విని, “రేపు పొద్దున్న ఎస్కార్టు బండి మళ్ళీ ఇక్కడే ఆగుద్ది కదయ్యా,” అంది. నూకరాజు లేచి కూర్చున్నాడు. ఊరంతా తిరిగి ఎవరెవరి కాళ్ళో పట్టుకోబోయాడు గానీ, తాను ఎక్కాల్సిన బండి తనని దింపిన చోటికే వస్తుందన్న సంగతి తట్టనే లేదు.

మర్నాడు వ్యాను వచ్చింది. నూకరాజుని వెతకడానికి జిల్లాలో ఉన్న పోలీసులందర్నీ తీసుకుపోవడంతో, ఖైదీల్ని తీసుకెళ్ళడానికి నూకరాజు చేతిలో గాయపడ్డవాళ్ళే మిగిలారు. తాతబ్బాయి గారు తలకట్టుతో దిగి, ఇడ్లీ చెప్పబోయి, బెంచీ మీద శాలువాతో కూర్చున్న మనిషిని చూసి నిలబడిపోయారు.

“ఏరా, ఎక్కడికి పోయావు?”

“నేనెక్కడికీ పోలేదండి. తవరే ఎల్లిపోయారు.”

తాతబ్బాయి గారు తలకట్టు తడుముకున్నారు. నిద్రపట్టని మనిషి మొహం అది. పట్టిస్తే పేరు, పట్టించాక విచారణ, విచారణలో కట్టు విప్పమంటారు. పట్టించకుండా ఎక్కించుకుంటే? జైలు వాళ్ళకి ఒక మనిషి తక్కువున్నాడు, కోర్టులో ఒక కేసు మిగిలుంది. నిన్నటి లెక్క ఇవాళ కలిసిపోతుంది. ఖైదీలు టీ తాగుతున్నారు. గంగరత్నం అలవాటు కొద్దీ నూకరాజుకి కూడా గ్లాసు అందించింది.

“నువ్వు తాగకు,” అన్నారు తాతబ్బాయి గారు గాభరాగా. “నీది నిన్న లెక్కలో వచ్చేసింది. ఇవాళ నీ గ్లాసు కూడా ఉంటే ఒకటి ఎక్కువొస్తుంది.”

నూకరాజుకి పొద్దున్నే టీ పడకపోతే తలనొప్పి. అయినా గ్లాసు వెనక్కి ఇచ్చేశాడు. తాతబ్బాయి గారు బానెట్టు మీద గ్లాసులు లెక్కపెట్టారు. “సరిపోయింది. ఎక్కు,” అన్నారు. ఆయన సర్వీసులో లెక్క అంత బాగా ఎప్పుడూ సరిపోలేదు.

కోర్టులో బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. “బొండా నూకరాజో...” మూడో పిలుపుకి నూకరాజు బోనెక్కి దణ్ణం పెట్టాడు. ప్రభుత్వ వకీలు లేచి గొంతు సవరించుకున్నాడు.

“ముద్దాయి పరారీలో ఉన్నాడని మనవి చేసుకుంటున్నానండి.”

జడ్జి గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. ఆయన టీవీ చూడరు, ముందున్న కాగితాన్నీ ముందున్న మనిషినీ తప్ప ఇంకేమీ చూడరు. “బోనులో ఉన్నదెవరు?”

“ముద్దాయేనండి. అయితే బోనులో ఉన్నదీ ముద్దాయే, పరారీలో ఉన్నదీ ముద్దాయే. ప్రభుత్వం దృష్టిలో రెండోదే ముఖ్యం.”

“మొన్నటి వాయిదాకి హాజరయ్యాడు. నిన్న కోర్టు లేదు. ఇవాళ నా ఎదురుగా నిలబడ్డాడు. ఈ కోర్టు లెక్క ప్రకారం ఇతను ఎక్కడికీ పోలేదు. పరారీలో ఉన్నవాడి సంగతి పరారీలో ఉన్నవాడితో తేల్చుకోండి,” అన్నారు జడ్జి గారు. గంగాళం దొరికిన కాగితం చదివారు. కేసు కొట్టేశారు. “ఇక నువ్వు ఇంటికి వెళ్ళొచ్చు,” అన్నారు.

నూకరాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. వరండాలో వరాలు తెల్లచొక్కా పట్టుకుని నిలబడి ఉంది. “పొయ్యి మీద పులుసుంది, తొందరగా నడువు,” అంది, ఏడుస్తూనే. రెండడుగులు వేశారు. గేటు దగ్గర డీఎస్పీ చక్రధరరావు గారు జీపు దిగుతున్నారు.

“నువ్వేంటయ్యా ఇక్కడ?” అని ఆప్యాయంగా పలకరించి, చేతిలో ఉన్న కోర్టు కాగితం తీసుకుని చదివారు. బొండా నూకరాజు. చినమట్లపాలెం సబ్‌జైలు. ఇంకోసారి చదివారు. ఆ మొహంలో రంగు మారడం నూకరాజు చూశాడు. రాసిపెట్టిన కాగితం మీద తారీఖు పడబోతోందనుకున్నాడు. వరాలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు హిమబిందు మైకుతో పరిగెత్తుకొచ్చింది. “సార్, నూకరాజు జాడ తెలిసిందా?”

డీఎస్పీ గారు మైకుని చూశారు. నూకరాజుని చూశారు. మెరుస్తున్న కొత్త జీపుని చూశారు. దొరికాడంటే బృందం రద్దు. తాను వెతుకుతున్నవాడికే శాలువా కప్పానంటే ఉద్యోగం రద్దు. కోర్టు వదిలేసినవాణ్ణి కాల్చడానికి కూడా లేదు.

“చాలా దగ్గరికి చేరుకోవడం జరిగింది,” అన్నారాయన. “ఇదిగో, ఈ పౌరుడి పేరు కూడా నూకరాజే అయినందువల్ల ఆ దుర్మార్గుడు ఇతని మీద పగబట్టినట్టు సమాచారం. కాబట్టి నూకరాజు నుంచి ఈ నూకరాజుకి రక్షణ కల్పించడం జరుగుతోంది.”

అలా నూకరాజుని ఇంటికి కాకుండా క్యాంపుకి తీసుకెళ్ళారు. ఇద్దరు తుపాకీ మనుషుల్ని ఇచ్చారు. నూకరాజు నూకరాజు చేతికి చిక్కకుండా పగలూ రాత్రీ కాపలా. ఊరికే కూర్చోలేక మొదటిరోజే వంటింట్లోకి వెళ్ళాడు. తన కోసం వెతికి వెతికి అలిసిపోయి వచ్చేవాళ్ళకి గుత్తివంకాయా, ముద్దపప్పూ, సాంబారూ వండిపెట్టాడు. బృందం బలపడింది. వెతకడం కూడా మందగించింది. నూకరాజు ఒకసారి గోవాలో, ఒకసారి నేపాల్లో కనబడ్డాడని టీవీలు చెప్పాయి. ఎక్కడ కనబడితే అక్కడికి నలుగురు వెళ్ళి చూసొచ్చారు.

“దొరికిన రోజున పెద్ద విందు చేద్దాం, వంట నీదే,” అన్నారు ఒకనాడు డీఎస్పీ గారు, సాంబారు జుర్రుకుంటూ.

“దొరికితే ఒక్కపూట విందండి. దొరక్కపోతే ఏడాది పొడుగునా భోజనం. ఏది మంచిదో తవరే చెప్పండి,” అన్నాడు నూకరాజు. డీఎస్పీ గారు ఇంకో గరిట వేయించుకున్నారు.

“పోనీ ఒక్కపూట ఇంటికెల్లి వత్తానండి. మా ఆవిడ పులుసు పెట్టుకుని కూర్చుంటాంది.”

“నూకరాజు దొరికేదాకా నువ్వు కదలకూడదు. నీ ప్రాణం మాకు ముఖ్యం.”

జైలుకైతే గడువుంటుంది, వాయిదా ఉంటుంది, జడ్జి ఉంటాడు. రక్షణకి అవేమీ లేవు. ఈ సంగతి అర్థమయ్యాక నూకరాజుకి కన్నీళ్ళు కూడా రాలేదు. వరాలు గేటు దాకా వచ్చి, గిన్నెతో తెచ్చిన పులుసు లోపలికి పంపితే, అందులో విషం ఉందేమోనని కాపలావాళ్ళు మొత్తం రుచి చూశారు. ఖాళీ గిన్నె ఆయన చేతికిచ్చి, విషం లేదని చెప్పారు.

ఆ వారమే కాపలాని కట్టుదిట్టం చేయడానికి ఒక అనుభవజ్ఞుణ్ణి క్యాంపుకి బదిలీ చేశారు. వచ్చింది తాతబ్బాయి గారు. తలకట్టు విప్పారు గానీ, పద్ధతి మార్చలేదు. రోజూ సాయంత్రం టీ అయ్యాక క్యాంపులో అందరి గ్లాసులూ జీపు బానెట్టు మీద పెట్టించి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం నూకరాజు అందరికీ టీ కాచి పోశాడు. తనకీ ఒక గ్లాసు పోసుకుని నింపాదిగా తాగాడు. గ్లాసు కడిగి, తుడిచి, బానెట్టు మీద వరస చివర పెట్టాడు. శాలువా మడిచి వంటింటి మేకుకి తగిలించాడు. తుపాకీ మనుషులిద్దరూ ఇంకా టీ తాగుతుండగా వెనక గేటు తీసుకుని, వంగని మోకాలిని ఈడ్చుకుంటూ రోడ్డెక్కాడు. బొండా నూకరాజు పారిపోవడం అదే మొదటిసారి.

తాతబ్బాయి గారు గ్లాసులు లెక్కపెట్టి, సరిపోయిందన్నారు.

వరాలు పొయ్యి మీద పులుసు కలుపుతోంది. ఎవరో గుమ్మంలో నిలబడ్డట్టు తోచి, తల తిప్పకుండానే ఇంకో కంచం కడిగింది.